క్యాబేజీ పీపాలో పాత కెర్నెల్

ఆ శనివారం ఓట్మర్ చేయవలసిన పని ఒక్కటే, నేలమాళిగ ఖాళీ చేయడం. భార్య లుద్మిలా వారం రోజులుగా ఆ మాటే చెబుతోంది. అక్టోబరు వచ్చింది, ప్లమ్ గుజ్జు బాగా పులిసింది. ఆమె తండ్రి సిరిల్‌గారి పీపాలు మూడూ ఆ రోజే ఊరి బట్టీకి ఎక్కుతున్నాయి. దిగిన సారా ఇంటికొస్తే పెట్టడానికి చోటుండాలి కదా.

"కాఫీ తాగి దిగుతాను," అన్నాడు ఓట్మర్.

"ఎక్కడికి? కంప్యూటర్లోకేగా దిగేది!"

ఆమె అన్నంతా అయింది. ఓట్మర్ ఉద్యోగం పట్నంలో అయినా ప్రాణమంతా ఒక గిడ్డంగి మీదే ఉంటుంది. దేశదేశాల ఔత్సాహికులు కలిసి నడుపుతున్న ఒక చిన్న లినక్స్‌కి, అంటే కంప్యూటర్లను నడిపే వ్యవస్థకి, సంబంధించిన ప్రోగ్రాముల గిడ్డంగి అది. ఎవరికేది కావాలన్నా అందులోంచి ఉచితంగా దింపుకోవచ్చు. అందులో కెర్నెళ్ళ అర మీద ఇతనిదే పెత్తనం. కెర్నెల్ అంటే కంప్యూటర్ కడుపులో కూర్చుని, ఏ తీగ ఎవరిది, ఏ పరికరం ఏం అడుగుతోంది అని చూసుకునే మేస్త్రీ లాంటిది. కొత్త మేస్త్రీలు వస్తూనే ఉంటారు. పాతవాళ్ళు అరలో పడి ఉంటారు.

డిస్కు నిండిపోయిందని, దాన్ని దానమిచ్చిన విశ్వవిద్యాలయం కబురు పెట్టింది. ఓట్మర్‌కి కావలసిందీ అదే. కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెత అతని కోసమే పుట్టింది. పాత కెర్నెళ్ళు ఉంచమని ఎవరైనా ప్రాధేయపడితే, "మీ ఊళ్ళో ఇంకా గుర్రబ్బండ్లేనా?" అని నలుగురిలో రాసేవాడు. మామగారిని కూడా వదల్లేదు. ఆయనకిచ్చిన లాప్‌టాప్ "కొత్తది వేయమంటారా?" అని రోజూ అడిగేది, ఆయన రోజూ "తర్వాత" అనే మీట నొక్కేవాడు. ఆదివారం భోజనాల దగ్గర దీని మీద మామా అల్లుళ్ళకి చెంచాలు లేచేవి.

కాఫీ కప్పు ఖాళీ అయ్యేసరికి పాత కెర్నెళ్ళన్నీ ఖాళీ అయ్యాయి. వాటి అదనపు ప్రతులు కూడా చోటు తింటున్నాయని, చేతులు కడుక్కునేముందు వాటినీ ఊడ్చేశాడు. "గిడ్డంగి శుభ్రమైంది" అని ప్రకటన రాసి, అది తనకే నచ్చి రెండోసారి చదువుకుంటుండగా ఫోను మోగింది.

బట్టీ నడిపే బొహుమిల్. "ఒరేయ్ ఓట్మర్, నీ పెట్టెకి కళ్ళు పోయాయిరా! పొయ్యి అంటుకోనివ్వట్లేదు."

ఆ పెట్టె ఓట్మర్ పోయినేడు బట్టీకి ఉచితంగా అమర్చిన కంప్యూటర్. వేడి ఎంతుందో అది చూసి సరే అంటేనే పొయ్యి వెలుగుతుంది. తనంతట తానే కొత్త కెర్నెల్ దింపుకుని, పాతదాన్ని తుడిచేసేలా దాన్ని ఏర్పాటు చేసింది ఈయనగారే. తెల్లవారుజామున అది అంత పనీ చేసింది. కొత్త మేస్త్రీకి బట్టీలోని పాత ఉష్ణమాపకంతో ముఖపరిచయం లేదు.

ఓట్మర్ పరుగున బట్టీ చేరేసరికి వాకిట్లో ఊళ్ళో సగం మంది పీపాలతో వరసలో ఉన్నారు. అందరికంటే చివర మామగారి మూడు పీపాలు. ఆయన వాటిని దింపి, అల్లుడి పెట్టెని నమ్మి ఇంటికెళ్ళాడు.

"పాత కెర్నెల్ వేస్తే చాలు, లేచి కూర్చుంటుంది," అన్నాడు ఓట్మర్.

"మరి వెయ్యి."

"అదే... పొద్దున్నే పారేశాను."

బొహుమిల్ అతనివంక జాలిగా చూశాడు. "మళ్ళీ తయారు చెయ్యలేవా?"

"రేపటికి చెయ్యగలను."

"ఈ సాయంత్రంతో బట్టీకి తాళం. మళ్ళీ తీసేది ఈస్టరు తర్వాతే. అప్పటికి మీ మామ గుజ్జుతో పచ్చళ్ళు పెట్టుకోవచ్చు. నిన్ను కూడా పెడతాడనుకో."

పెళ్ళైన పదకొండేళ్ళకి మామగారు ఓట్మర్ పనిని నమ్మడం ఇదే మొదటిసారి. ఇంతలో ఆశ తట్టింది. అతని గిడ్డంగికి పరాయి దేశాల్లో నకలు గిడ్డంగులున్నాయి. అసలులో ఏది చేరినా, ఏది పోయినా అక్కడా కాస్త ఆలస్యంగా అలాగే జరుగుతుంది. వెంటనే పోలండ్‌లోని కాజిక్‌కి ఫోను చేశాడు.

"అన్నా, చూశావా!" అన్నాడు కాజిక్ మురిసిపోతూ. "నువ్వు తీసేశావో లేదో, మేమూ తీసేశాం! పోయిన నెల బద్ధకస్తులని తిట్టావుగా. ఇప్పుడేమంటావు?"

"భేష్ అంటాను," అన్నాడు ఓట్మర్ నీరసంగా.

స్లొవేనియా వాళ్ళు పోలండ్ కంటే చురుకు. హంగరీ వాళ్ళు స్లొవేనియా కంటే చురుకు. ఓట్మర్ తిట్లు ఊరికే పోలేదు. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ ఫోన్లోకి అరవసాగాడు.

"అంతా ఊడ్చేశారా? అక్కడ కూడా? ఒక్కటీ మిగల్లేదా? అయ్యో, అంతా నా వల్లే!"

వరసలో ముందున్న జ్దెన్కా పీపా మీంచి లేచింది. పోలండ్, స్లొవేనియా, హంగరీ, ఒక్కటీ మిగలకుండా ఊడ్చేశారు. ఇవన్నీ కలిపితే ఆమెకి ఒకే అర్థం తోచింది.

"ఎక్సైజు వాళ్ళే! దేశాలన్నీ అయిపోయి ఇప్పుడు మన మీద పడుతున్నారు. పట్టించింది వీడే, వీడి నోటితోనే అంటున్నాడుగా!"

ఊరి బట్టీకి లైసెన్సుంది. కాని ఆ ఊళ్ళో ప్రతి కోళ్ళగూడు వెనకా లైసెన్సు లేని చిన్న బట్టీ ఒకటి ఉంటుంది, దాని సంగతి కోళ్ళకీ యజమానికీ తప్ప ఎవరికీ తెలియనట్టు అందరూ నటిస్తారు. క్షణంలో వాకిలి ఖాళీ అయింది. పీపాలు మిగిలాయి, మనుషులు లేరు. ఊరంతా రాగి గొట్టాలు పేడకుప్పల్లోకి దిగుతున్న చప్పుడు.

లుద్మిలా సైకిల్ మీద రొప్పుతూ వచ్చింది. "నాన్నని ఎక్సైజు వాళ్ళకి పట్టించావా?"

ఓట్మర్ జరిగింది చెప్పాడు. ఆమె అంతా విని, "నేలమాళిగ ఖాళీ చెయ్యమంటే లోకమంతా ఖాళీ చేశావన్నమాట," అంది. తర్వాత కాస్త ఆగి, "నాన్న లాప్‌టాప్ మాటేమిటి? ఆయన దేన్నీ మార్చనివ్వడుగా," అంది.

ఓట్మర్ ఆమెని సైకిల్ వెనకాల ఎక్కించుకుని మామగారింటికి తొక్కాడు. బట్టీ పెట్టెలోనూ మామగారి లాప్‌టాప్‌లోనూ ఒకే వారంలో ఒకే కెర్నెల్ వేసింది తనే.

గేటు దగ్గర సిరిల్‌గారు పార పుచ్చుకుని నిలబడ్డాడు. "రావయ్యా, అల్లుడూ! వెనకాల జీపేదీ?"

"మామయ్యా, లాప్‌టాప్ ఎక్కడుంది?"

"ఏ లాప్‌టాప్? నాకు లాప్‌టాపే లేదు. కోళ్ళగూడు ఫోటోలు అందులో లేనే లేవు."

"నాన్నా!" లుద్మిలా గొంతు లేచింది. "నీ పీపాలు బట్టీ దగ్గర అలాగే ఉన్నాయి. ఆ లాప్‌టాప్ లేకపోతే గుజ్జు పోయినట్టే!"

గుజ్జు మాట వినగానే పార కిందికి దిగింది. ఆయన మారు మాట్లాడకుండా కొట్టులోకి నడిచి, పులిసిన క్యాబేజీ పీపా మీది రాయి దించి, మోచేతిదాకా చెయ్యి పెట్టి, రొట్టెల సంచుల్లో చుట్టిన మూటొకటి పైకి తీశాడు. ఊరగాయలోంచి లాప్‌టాప్ తీసిన మొదటి మనిషి ఆయనే అయ్యుండాలి.

మూత తీశారు. వాసన గుప్పుమంది. తెర వెలిగింది. వెలుగుతూనే ఎప్పటిలాగే అడిగింది: "కొత్తది వేయమంటారా?"

అలవాటు చెడ్డది. ఓట్మర్ వేలు దానంతటదే "సరే" మీదికి పోయింది. సిరిల్‌గారు ఆ చేతి మీద చెళ్ళున ఒక్కటేశాడు.

"తర్వాత అను!"

ఓట్మర్ జన్మలో మొదటిసారి "తర్వాత" నొక్కాడు.

పాత కెర్నెల్ చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని బట్టీకి తీసుకెళ్ళి వేయగానే పెట్టె కళ్ళు తెరిచింది, పొయ్యి భగ్గుమంది. వరసలో ముందున్నవాళ్ళంతా ఇంకా పేడకుప్పల దగ్గరే ఉన్నారు కనుక మామగారి పీపాలు చివరినుంచి మొదటికొచ్చాయి. చీకటి పడకముందే గొట్టంలోంచి సన్నటి ధార దిగింది. సిరిల్‌గారు చిన్న గ్లాసుతో పట్టి, వాసన చూసి, కళ్ళు మూసుకుని చప్పరించాడు. బొహుమిల్‌కి పోశాడు. కూతురికి పోశాడు.

"నాక్కూడా ఒక చుక్క, మామయ్యా," అన్నాడు ఓట్మర్.

"తర్వాత," అన్నాడు ఆయన.

నేలమాళిగ ఇంకా ఖాళీ కాలేదు. ఓట్మర్ మాత్రం పాత కెర్నెళ్ళన్నిటినీ ఒక్కొక్కటే మళ్ళీ తయారుచేసి అరలోకి ఎక్కించాడు. చోటు చాలకపోతే, వాటిని వెక్కిరిస్తూ తాను రాసిన ప్రకటనలన్నీ తీసేశాడు. ఇకమీదట ఏ కెర్నెల్‌నీ పారెయ్యకూడదని గిడ్డంగికి కొత్త నియమం పెట్టి, కారణం రాయవలసిన గడిలో ఒక్క మాట రాశాడు: మామగారు.