నర్సింగ్ నవనీతం

ఒక పెద్ద అడవిలో జబ్బులకేమీ కొదవ లేదు, జబ్బు చేస్తే చూసే నర్సులే కరువు. అందుకని అడవి పెద్దలంతా కూర్చుని ఆలోచించి, వాగు ఒడ్డున ఆసుపత్రి పక్కనే ఒక నర్సింగ్ కాలేజీ పెట్టారు. కూర్చున్నవాళ్ళలో ఒక్కరికీ నర్సింగ్ గురించి ఏమీ తెలియదు కాబట్టి పని చాలా త్వరగా తెమిలిపోయింది.

ప్రిన్సిపాల్‌గా నెమలి మయూరనాథం గారిని వేశారు. ఎందుకయ్యా అంటే, వేదిక మీద నిండుగా కనిపిస్తారని చెప్పారు. కనిపించడం ఆయన వంతు, పాఠాలు చెప్పడం ముంగిస విశాలాక్షి వంతు.

విశాలాక్షి టీచరు ఒకప్పుడు ఆసుపత్రిలో మంచి నర్సని పేరు తెచ్చుకున్నదే. పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక రోగుల దగ్గరికి వెళ్ళే తీరిక లేకుండా పోయింది. మయూరనాథం గారు త్వరలో రిటైరవుతున్నారు. ఆ కుర్చీ తనకే రావాలని విశాలాక్షి కోరిక. కోరికంటే మామూలు కోరిక కాదు, ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు అందులో ఓసారి కూర్చుని లేచేంత కోరిక.

ఇంతలో అటవీ నర్సింగ్ మండలి నుంచి కబురొచ్చింది. ఈ ఏడు తనిఖీలో పిల్లలందరూ పాసైతేనే కాలేజీకి గుర్తింపు. ఒక్కరు తప్పినా తాళం.

కాలేజీకే తాళం పడితే ఇక కుర్చీ ఎక్కడిది? విశాలాక్షికి ఆ పూట ముద్ద మింగుడు పడలేదు.

నిజానికి కాలేజీలో నేర్చుకోవడానికి పెద్ద సదుపాయాలేం లేవు. ప్రాక్టీసు గదిలో మంచం మీద రోగికి బదులు ఒక గడ్డిబొమ్మ ఉండేది. గడ్డి తినే పిల్లలున్న కాలేజీలో గడ్డితో రోగిని చేయించిన తెలివి ఎవరిదోగాని, ఒక మధ్యాహ్నం ఆకలికి ఆగలేక జింక హరిణి ఆ బొమ్మ కుడికాలు కాస్తా నమిలేసింది. అప్పట్నుంచీ కట్టుకట్టడం నేర్పాలంటే ఎడమకాలికే నేర్పాల్సి వచ్చింది.

ఆ గదిలో చేతులు కడుక్కోవడానికి ఒక కుండ కూడా ఉండేది, నీళ్ళు మాత్రం ఉండేవి కావు. ఒకసారి పరీక్ష మధ్యలో, "కుండలో నీళ్ళు లేవు మేడమ్, చేతులెలా కడుక్కోవాలి?" అని పిల్లలు అడిగితే, "కడుక్కున్నానని చెప్పండర్రా, చాలు," అంది విశాలాక్షి. ఆ రోజుకి గండం గడవడానికి అన్న మాట అది. మర్నాటి నుంచి అదే పద్ధతైపోయింది. తెర వేసే పని లేదు, వేశానంటే చాలు. దుప్పటి మార్చే పని లేదు, మార్చానంటే చాలు. గడ్డిబొమ్మ కూడా ఏనాడూ కాదనలేదు.

తనిఖీ కబురు వచ్చాక విశాలాక్షి బుర్ర చురుగ్గా పని చేసింది. రెండు వారాలు తలుపేసుకుని 'నర్సింగ్ నవనీతం' అని ఒక గైడు రాసింది. పాఠ్యపుస్తకాలు ఎత్తడానికే ఇద్దరు కావాలి. ఈ గైడు చంకలో పెట్టుకుని చెట్టెక్కవచ్చు. ఏ ప్రశ్నకు ఏ జవాబో, ఏ చికిత్సకు ఏయే మాటలు ఏ వరుసలో అప్పజెప్పాలో అంతా అందులో ఉంది. చివర్లో 'వృత్తి మెళకువలు' అని మరో భాగం కూడా చేర్చింది. పెద్ద డాక్టరు గారు వస్తుంటే ఏ పనిలో ఉన్నా లేచి నిలబడాలనీ, తనిఖీ రోజున మాత్రమే కొత్త దుప్పట్లు బయటికి తీయాలనీ, రోగి బంధువులు ఏమడిగినా "డాక్టరు గారు చెబుతారు" అనాలనీ అందులో రాసింది. ఇది మాత్రం ఆమె అనుభవసారమే.

పిల్లలు ఎగిరి గంతేశారు. హరిణి రెండు రోజుల్లో మొత్తం కంఠతా పట్టేసింది. కోతి పిల్ల కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ కూడా పొల్లుపోకుండా చెప్పేది. ఉడుత నిద్రలో పలవరించేది.

రానిదల్లా ఎలుగుబంటి జాంబవికే. పాపం, కష్టపడనిది కాదు. రెండో పేజీకి వచ్చేసరికి మొదటి పేజీ మర్చిపోయేది. పైగా అడగకూడని ప్రశ్నలు అడిగేది.

"మేడమ్, రోగికి ధైర్యం చెప్పాను అని ఉంది కదా. ఏం చెప్పాలి?"

"ధైర్యం చెప్పాను అని చెప్పాలి."

"రోగికా?"

"పరీక్షించడానికొచ్చే ఆయనకి," అంది విశాలాక్షి విసుగ్గా. "నువ్విలా ప్రతిదానికీ లోతుల్లోకి పోతే మునిగేది నేనమ్మా."

జాంబవి తల గోక్కుంటూ వెళ్ళిపోయింది. కాలేజీ భవిష్యత్తు ఇలాంటి మొద్దు బుర్ర చేతిలో ఉందేమిటా అని విశాలాక్షికి ఏడుపొచ్చినంత పనైంది.

తనిఖీ రోజు రానే వచ్చింది. కొత్త దుప్పట్లు బయటికొచ్చాయి. గుమ్మాలకు తోరణాలు కట్టారు. మయూరనాథం గారు పింఛం దువ్వుకుని గేటు దగ్గర నిలబడ్డారు.

విశాలాక్షి అటూ ఇటూ పరుగులు పెడుతూ ప్రాక్టీసు గదిలోకి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. మూలన హరిణి దవడ ఆడిస్తూ తల దించుకుని నిలబడింది.

"పరీక్షంటే నాకు కంగారు మేడమ్. కంగారు పుడితే నాకు నోరు ఊరుకోదు."

"మొత్తం తినేశావా?"

"తలైనా మిగల్చాలనుకున్నా. మీ అడుగుల చప్పుడు వినేసరికి అదీ లోపలికి పోయింది."

ఆసుపత్రి నుంచి నిజం రోగినొకరిని తెద్దామని విశాలాక్షి బయటికి పరిగెత్తింది. కాలేజీ పిల్లలు వస్తున్నారని తెలిసి నడవగలిగిన రోగులంతా తెల్లారకముందే ఇళ్ళకు వెళ్ళిపోయారట. నడవలేనివాళ్ళను బంధువులు మోసుకుపోయారట. ఉసూరుమంటూ వెనక్కి వస్తుంటే ఆమె కుడికాల్లో ఇంత పొడుగు తుమ్మముల్లు దిగింది.

ఆమె కుంటుకుంటూ గదిలో అడుగుపెట్టేసరికి, మండలి నుంచి వచ్చిన కొంగ శ్వేతాచలం గారు కళ్ళద్దాలు సర్దుకుంటున్నారు.

"శభాష్, రోగి కూడా సిద్ధంగా ఉందే," అన్నారాయన.

"సార్, నేను టీచర్ని."

"టీచరే రోగిగా పడుకోవడం మరీ మంచి పద్ధతి. పడుకోండి, పడుకోండి."

మయూరనాథం గారు వెనక నుంచి కళ్ళతోనే బతిమాలారు. విశాలాక్షి పడుకుంది. పడుకోక ఏం చేస్తుంది?

ముందు హరిణి వచ్చింది. మంచానికి బారెడు దూరంలో నిలబడి శ్వేతాచలం గారి వైపు తిరిగి అందుకుంది.

"రోగికి నమస్కరించాను. తెర వేశాను. చేతులు కడుక్కున్నాను. చేయబోయేది రోగికి వివరించాను. రోగికి ధైర్యం చెప్పాను."

అని, ఎడమకాలు పట్టుకుని గట్టిగా కట్టు కట్టడం మొదలుపెట్టింది.

"ఒసేయ్, ముల్లు కుడికాల్లో ఉందే," అంది విశాలాక్షి పళ్ళ బిగువున.

హరిణి ఒక్క క్షణం తికమకపడింది. గడ్డిబొమ్మ ఎప్పుడూ మాట్లాడి ఎరగదు. ఇలాంటప్పుడు ఏం చేయాలో గైడులో ఉందేమోనని మనసులోనే పేజీలు తిప్పుకుంది. దొరికింది.

"రోగి ఆందోళనగా ఉన్నట్టు గమనించాను," అంది. శ్వేతాచలం గారు తృప్తిగా తలాడించి మార్కులు వేశారు.

తర్వాత కోతి వచ్చి ఆ కట్టు మీదే మరో కట్టు కట్టింది. దాని మీద ఉడుత కట్టింది. ఒకరొకరే వచ్చి తమ వంతు కట్టి పోతుంటే ఎడమకాలు గుమ్మడికాయంతైంది, ముల్లున్న కుడికాలు ఎవరికీ పట్టలేదు. అరిస్తే ఆందోళన అంటున్నారు. నోరు మూసుకుంటే "రోగికి ఉపశమనం కలిగినట్టు గమనించాను" అంటున్నారు. తన మాటలే, తను రాసిన వరుసలోనే, తన మీదికే వస్తున్నాయి. ఆ గైడు రాసిన చేతిని కొరుక్కోవాలనిపించింది విశాలాక్షికి.

చివర్న జాంబవి వచ్చింది. భయంతో గైడు మొత్తం మర్చిపోయింది. శ్వేతాచలం గారి ముఖం చూసింది, ఏమీ గుర్తురాలేదు. మంచం మీద మేడమ్ ముఖం చూసింది.

"ఎక్కడ నొప్పి మేడమ్?"

పొద్దుట్నుంచీ ఆ మాట అడిగిన ప్రాణి లేదు. విశాలాక్షి కుడికాలు ఎత్తి చూపించింది.

జాంబవి కాలు చూసి, తన చేతులు చూసుకుని, పరిగెత్తుకుంటూ వాగుకి వెళ్ళింది.

"పరీక్ష మధ్యలో ఆ అమ్మాయి ఎక్కడికి పోతోంది?" అన్నారు శ్వేతాచలం గారు.

జాంబవి తడి చేతులతో, దొన్నెలో కాసిని నీళ్ళతో తిరిగొచ్చింది. "కొంచెం మంట పుడుతుంది మేడమ్, నా భుజం పట్టుకోండి," అని, ముల్లు లాగి, కడిగి, కట్టు కట్టింది. తర్వాత కాసేపు ఆ కాలు అలాగే పట్టుకుని కూర్చుంది. అలా కూర్చోమని ఏ పుస్తకంలోనూ లేదు, ఆమెకు లేవబుద్ధి కాలేదంతే.

విశాలాక్షి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనూ ఒకప్పుడు ఇలాగే చేసేది.

శ్వేతాచలం గారు పెదవి విరిచారు. "నమస్కరించాను అనలేదు. వివరించాను అనలేదు. ధైర్యం ఊసే లేదు. పైగా జవాబు చెప్పాల్సిన పిల్ల రోగినే ఎదురు ప్రశ్న వేసింది. ఈమె తప్పింది."

మయూరనాథం గారి పింఛం నేలకి జారింది.

"తప్పలేదు సార్," అని విశాలాక్షి మంచం మీద లేచి కూర్చుంది. "నా నొప్పి తగ్గింది."

"నొప్పికి మార్కుల్లేవమ్మా. సరే, ఈమె చేసిందే ఒప్పంటారా? అయితే మిగతావాళ్ళంతా తప్పాలి. వాళ్ళు ఒప్పైతే ఈమె తప్పాలి. ఎవరో ఒకరు తప్పకుండా ఎలా కుదురుతుంది?"

గదిలో అందరూ విశాలాక్షి వైపు చూశారు. గైడే తప్పు సార్, అది రాసిన నేను తప్పు, అన్న మాట ఆమె గొంతుదాకా వచ్చింది. వచ్చిన మాట మయూరనాథం గారిని చూసింది, ఆయన వెనక తెరిచి ఉన్న తలుపులోంచి ఆ కుర్చీని చూసింది, మళ్ళీ కడుపులోకి దిగిపోయింది.

"రెండూ ఒప్పే సార్," అంది విశాలాక్షి. "వాళ్ళది పాత సిలబస్. ఈ అమ్మాయిది నా గైడు కొత్త ముద్రణ. రోగిని ఎక్కడ నొప్పి అని అడగాలి అన్నది అందులో కొత్తగా చేరుస్తున్నాం."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ," అని శ్వేతాచలం గారు హాయిగా నవ్వి అందరినీ పాస్ చేసేశారు. కొత్త సిలబస్ అనేసరికి ఆయనకు ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది.

కాలేజీకి గుర్తింపు వచ్చింది. మయూరనాథం గారు రిటైరై, వీడ్కోలు సభలో చివరిసారి నిండుగా కనిపించి వెళ్ళిపోయారు. కుర్చీ విశాలాక్షికి దక్కింది. 'నర్సింగ్ నవనీతం' కొత్త ముద్రణ ఒక్క మాట అదనంగా చేరి అడవి అడవంతా పాకింది.

జాంబవికి కూడా అన్యాయం చేయలేదు. కొత్త సిలబస్‌లో మొదట పాసైన నర్సని శాలువా కప్పారు. అంతటి నర్సుని వార్డులో ఉంచితే కాలేజీకి నామోషీ అని, ఆఫీసులో టేబులిచ్చి, రాబోయే ముద్రణలో తప్పులు దిద్దే పని అప్పగించారు.

"నాకు వార్డే బావుంటుంది మేడమ్," అంది జాంబవి.

"పిచ్చిపిల్లా, పైకి రావద్దూ?" అని విశాలాక్షి ప్రేమగా తలుపు దగ్గరికి వేసి, ఆమెను ఎవరూ కదిలించకూడదని ఆర్డరు కూడా వేసింది.

కొన్నాళ్ళకు ఎక్కడో సన్మానం చేయించుకుని, అక్కడ పెట్టిన గుడ్లు మొహమాటానికి నాలుగు ఎక్కువే తిని, విశాలాక్షి కడుపు పట్టుకుని ఆసుపత్రిలో చేరింది. కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన నర్సులు మంచం చుట్టూ మూగారు. ముందు నిలబడ్డ కుందేలు పిల్ల గొంతు సవరించుకుంది.

"రోగిని ఎక్కడ నొప్పి అని అడిగాను."

విశాలాక్షి ఉలిక్కిపడింది. "ఎప్పుడడిగావే?"

"రోగి సమాధానం చెప్పినట్టు గమనించాను," అంది కుందేలు గుక్క తిప్పుకోకుండా.

"చాల్లే అమ్మా, మీరంతా వెళ్ళి ఆఫీసులోంచి జాంబవిని పిలుచుకురండి."

"కుదరదు మేడమ్. ఆవిడ కొత్త ముద్రణ పనిలో ఉన్నారు. కదిలించొద్దని ప్రిన్సిపాల్ గారి ఆర్డరు."

"ఆ ప్రిన్సిపాల్‌ని నేనేనే!"

"అవును మేడమ్, అందుకే అంత గట్టిగా పాటిస్తున్నాం," అంది కుందేలు పిల్ల వినయంగా. విశాలాక్షి కడుపు పట్టుకుని మంచం దిగి, ఆఫీసు దాకా తనే నడిచి వెళ్ళి, తను వేసిన తలుపు తనే తట్టింది.

నీతి: నర్సులకు గైడు రాసేవాళ్ళు జబ్బు పడకూడదు.