దూడకు పట్టం, నక్కలకు వాగు

“నా వంశం ఉన్నన్నాళ్ళూ ఈ నీళ్ళకు కాపలా ఉండదు. తాగేవాడిదే వాగు!”

పోలండుకీ లితువేనియాకీ నడుమ ఒక పెద్ద అడవిలో, తూర్పు అడవి నుంచి వచ్చిన దున్నరాజు తన పెళ్ళిలో చెప్పిన మాట ఇది. పడమటి అడవి రాణిని పెళ్ళాడి రెండడవులూ ఏలాలంటే పాత దేవుళ్ళని వదిలి, కొత్త దేవుడి పేరు చెప్పి వాగులో మునగాలన్నారు అక్కడివాళ్ళు. మునిగాడు. అతని ప్రజలూ మునిగారు. మునిగినవాళ్ళకు తలా ఒక తెల్లచొక్కా ఇచ్చారు. తుర్రు అనే కుర్ర కుందేలు వాళ్ళ బాబాయి మూడుసార్లు మునిగి మూడు చొక్కాలు తెచ్చుకున్నాడు.

“ఇంతకీ నీ దేవుడెవరు బాబాయ్?”

“చలికాలం వెళ్ళనీరా, చెప్తా.”

తుర్రుకి మాత్రం చొక్కా కన్నా రాజు పెళ్ళిలో చెప్పిన మాటే నచ్చింది. వాడి బొరియ వాగు గట్టునే ఉంది మరి.

అయితే ఆ అడవిలో రాజు కొడుకు ఊరికే రాజైపోడు. నక్కల సభ ఔననాలి. రాజుగారికి దూడ పుట్టగానే సభపెద్ద గుంటనక్క చూడ్డానికి వచ్చాడు.

“మావాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండాలి,” అన్నాడు దున్నరాజు.

“అయ్యో, ఆయన మా బిడ్డ కాదా ప్రభూ! కాకపోతే మావాళ్ళు తేనెపట్లు అడుగుతున్నారు…”

తేనెపట్లు ఇచ్చాడు. మరుసటేడు పచ్చికబయలు. ఆపైన, సభ ఒప్పుకోనిదే కొత్త చట్టం చెయ్యనని మాట. చివరికి వాగు.

తుర్రు సభ వాకిట్లో నిలబడి గొంతు చించుకున్నాడు. “తాగేవాడిదే వాగు!”

“ఎక్కడ నేర్చావురా ఈ నినాదాలు?” అన్నాడు గుంటనక్క.

“రాజుగారి పెళ్ళిలో!”

దున్నరాజు నేలచూపులు చూశాడు. “దూడ భవిష్యత్తురా అబ్బాయ్. పిల్లలు పుడితే నీకే తెలుస్తుంది.”

“ఈ ఏడే పద్నాలుగు మంది పుట్టారు మహారాజా. అందరికీ దాహమే!”

సభంతా నవ్వింది. గట్టు చుట్టూ ముళ్ళకంప పడింది.

కాలం తీరి దున్నరాజు పోయాడు. దూడకు పట్టం కట్టారు. మిట్టమధ్యాహ్నం దాకా మంత్రాలు, పొగడ్తలు. గొంతెండి కొత్తరాజు వాగుకు పరిగెత్తాడు. కాపలా నక్కలు అడ్డొచ్చాయి.

“సభ అనుమతి ఉందా?”

“నేను రాజుని!”

“అందుకే కదా, మర్యాదగా అడుగుతున్నాం.”

కంప పక్కనే పిల్లలతో తుర్రు నిలబడి ఉన్నాడు.

“నువ్వెప్పటినుంచి ఇక్కడ?” అన్నాడు రాజు.

“మీ నాన్నగారు మీకు రాజ్యం సంపాదించి పెట్టినప్పటి నుంచి. రండి, కలిసి అరుద్దాం.”

“ఏమని అరవాలో నాకు తెలీదే!”

“తాగేవాడిదే వాగు అని. ఆ మాట మీ ఆస్తే మహారాజా. మీ నాన్నగారు అమ్మకుండా మిగిల్చింది అదొక్కటే.”

రాజు కిరీటం తీసి కంపకు తగిలించాడు. ఇద్దరూ అరిచారు. కుందేలు పిల్లలు అందుకున్నాయి. కాసేపటికి అడవంతా అందుకుంది. సభ లోపల గుంటనక్క మొదటిసారి నవ్వడం మరిచిపోయాడు.

నీతి: కొడుక్కి సింహాసనం కొనిపెట్టే తండ్రి, దాని పక్కనే ఒక చెంబెడు నీళ్ళు కూడా పెట్టి పోవాలి.

వాగు ఎవరిదో సభవారు చెప్పడానికి అడవి పెట్టిన గడువు: జూన్ ఒకటో తేదీ.