ఫ్యాను కింది కుర్చీ

అశోక్‌నగర్‌లోని ఆ రీడింగ్ రూములో కుర్చీ మీద హక్కు దస్తీ ద్వారా సంక్రమిస్తుంది. ఉదయం ఆరింటికి జేబులోంచి దస్తీ తీసి పరిచి, నారాయణగూడ వెళ్లి టిఫినూ చాయ్ కానిచ్చి, తొమ్మిదింటికి తీరిగ్గా వచ్చినా ఆ కుర్చీ దస్తీ వేసినవారిదే. కాబోయే అధికారులందరూ ఈ చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తారు.

గ్రూప్ వన్ పరీక్ష పన్నెండు రోజుల్లోకి వచ్చింది. ఫణికిరణ్‌కు ఇది నాలుగో ప్రయత్నం, వయసు ప్రకారం ఆఖరిది. ఈసారి వ్యాసం సినిమాల్లో హింస గురించే వస్తుందని కోచింగ్ సెంటర్ జోగారావు సారు జోస్యం చెప్పారు. సారు జోస్యం మూడుసార్లు తప్పింది కాబట్టి ఇక తప్పదని అందరి నమ్మకం.

హింస గురించి రాయాలంటే హింస తెలియాలి కదా. ఫణికిరణ్ చిక్కడపల్లి హాళ్లలో ఆడుతున్న నరుకుడు సినిమాలన్నీ చూసి, తెగిన తలలు లెక్కపెట్టి నోట్సు రాసుకున్నాడు. టీవీ చర్చల్లో పెద్దమనుషులు గ్లాసులు విసురుకోవడాన్ని శ్రద్ధగా అధ్యయనం చేశాడు. వారం తిరిగేసరికి పళ్లు నూరడం అలవాటైంది. అది ఏకాగ్రత అనుకున్నాడు.

ఎనిమిదో రోజు తొమ్మిదింటికి వచ్చేసరికి తన కుర్చీలో నాగేందర్ అనే మరో అభ్యర్థి కూర్చుని చదువుకుంటున్నాడు. దస్తీ మడతపెట్టి బల్ల మీద భద్రంగా ఉంది.

"అన్నా, మూడు గంటల సంది దస్తీ ఒక్కటే చదువుతున్నది. నేను గూడ జర చదువుకుంట" అన్నాడు నాగేందర్ మెల్లగా.

మాట న్యాయమే. కానీ ఫణికిరణ్ చెవుల్లో వారం రోజుల సినిమా డప్పులు మోగాయి. "నా కుర్చీలో కూర్చున్నోడు లేవడు, వాణ్ని లేపుకెళ్తారు" అని చెంప ఛెళ్లుమనిపించాడు. నాగేందర్ కళ్లజోడు ఎగిరిపడి పగిలింది. అరవై మంది కాబోయే అధికారులు తక్షణం స్పందించి ఫోన్లు తీశారు. మీరైతే లేచి ఆపేవారే, అందులో సందేహం లేదు.

కేసైతే ఉద్యోగం గల్లంతే. ఆ తెలివి ఫణికిరణ్‌కు అప్పటికి వచ్చింది. నాగేందర్ మాత్రం గాజు ముక్కలు ఏరుకుంటూ, "పరీక్ష నాలుగు దినాలల్ల ఉన్నది. స్టేషన్ సుట్టు ఎవడు తిరుగుతడు" అని గుమ్మం పక్కన నేల మీద కూర్చున్నాడు.

మర్నాడు ఫణికిరణ్ దస్తీ వేయకుండానే వచ్చాడు. కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరో తుడిచి పెట్టారు కూడా. నిన్నటిదాకా పేరైనా తెలియనివాళ్లు "కూసో అన్నా" అని ఫ్యాను స్పీడు పెంచారు. అతనికి కాస్త సిగ్గేసింది. గాలి బాగా రావడంతో సర్దుకుంది.

స్థిమితంగా కూర్చుని వ్యాసానికి ముగింపు రాశాడు: హింసతో ఎవరూ ఏమీ సాధించలేరు, నాగరిక సమాజం దాన్ని క్షణమైనా సహించదు.

ముగింపు అద్భుతంగా ఉందని అందరూ జిరాక్సు తీసుకున్నారు. గుమ్మం దగ్గర నాగేందర్ ఒక్కడే తీసుకోలేదు. కళ్లజోడు లేక అతనికి అక్షరాలు కనబడలేదు.