చింతపండుతో తోమిన చరిత్ర

1984 వేసవిలో ఆ ఉదయం ఆదెమ్మకు ఉన్న పని ఒక్కటే. తవ్వకంలో దొరికిన కంచు ముక్కలను, హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు వచ్చేలోపు కడిగి దుప్పటి మీద ఆరబెట్టాలి. వెల్దుర్తి అవతల చేలో వేసిన గుడారాల దగ్గర పాతకాలపు కుండపెంకులు కడిగే పని ఆమెది. పెద్దాఫీసరుకు నచ్చకపోతే ఈ వారమే గుడారాలు ఎత్తేస్తారని విన్నప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగటం లేదు. అంతకుముందు కాలవ తవ్వటానికి వచ్చి ఊరి పక్కన మకాం వేసిన పనివాళ్ళు వెళ్ళిపోయినప్పుడు, వాళ్ళ గుడారాల మేకుల గుంతలు చూస్తూ ఎన్నాళ్ళు ఏడ్చిందో ఆమెకే తెలుసు. ఇప్పుడు పెద్దమ్మా అని నోరారా పిలిచే తవ్వకం ఆఫీసరు శివరామయ్య కూడా వెళ్ళిపోతాడు.

కడిగి పెట్టమని చెప్పి శివరామయ్య గుంటలోకి దిగాడు. చుట్టం వచ్చే ఇంట్లో ఇత్తడి సామాను తోమినట్టు, ఆదెమ్మ ఆ ముక్కలన్నిటినీ చింతపండూ బూడిదా వేసి, పచ్చటి చిలుము పోయేదాకా తోమింది. ఎండలో అవి ధగధగలాడాయి.

మేకలు తోలుకుపోతున్న కొండమ్మ అది చూసి, అమ్మవారి నగలు బయటపడ్డాయని ఊళ్ళో చెప్పింది. పొద్దెక్కేసరికి జనం వచ్చి పసుపు కుంకుమలు చల్లి, కొబ్బరికాయలు కొడుతున్నారు. శివరామయ్య పరుగెత్తుకొచ్చి, మెరుస్తున్న కుప్పను చూసి తల పట్టుకున్నాడు. తేరుకుని, అవి నగలు కావనీ, ఎప్పుడో లోహం కరిగించేటప్పుడు ఒలికిన చుక్కలనీ చెప్పబోయాడు. ఒక్కరూ వినలేదు.

"బంగారం కాదయ్యా. ఉత్త చెత్త. ఎందుకూ పనికిరాని చెత్త" అన్నాడు విసిగిపోయి.

పెద్దాఫీసరు జీపు దిగింది అప్పుడే. అమ్మవారి ముందుకు బూట్లతో ఏందని జనం ఆయన్ని ఆపేశారు. ఆయన కాలే నేల మీద ఉత్తకాళ్ళతో గెంతుకుంటూ వచ్చాడు.

"ఎందుకూ పనికిరాని చెత్త కోసమా ఇన్నాళ్ళూ తవ్వారు?"

 అది పాతకాలంలో కంచు కరిగించి అచ్చుల్లో పోతపోసిన చోటని శివరామయ్య అంతకుముందే పైకి రాశాడు. కాదు, ఏదో కొంప తగలబడి గిన్నెలు కరిగిన చోటని పెద్దాఫీసరు అనుమానం. ఆయన ఒక ముక్క తీసి, పసుపు తుడిచి, భూతద్దంలో చూశాడు.

"చిలుము ఏదయ్యా? పోత పోసిన అచ్చు తాలూకు మట్టి అంటుకుని ఉందో లేదో దాంట్లోనే కదా తెలిసేది. ఎవరి పని ఇది?"

ఆదెమ్మకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. దిగటానికి ఎదురుగా గుంట కూడా ఉంది.

"నేనేనయ్యా. పెద్దోళ్ళు వస్తన్నారని తోమాను. చిలుం పట్టిన సామాను మీ ముందు ఎట్టా పెడతాం?"

"కడగమన్నది నేను సార్. ఎట్లా కడగాలో చెప్పలేదు. తప్పు నాది" అన్నాడు శివరామయ్య.

ఆ మాటకు ఆమె ఇంకా కుంచించుకుపోయింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

పెద్దాఫీసరు ఆ ముక్కను తిరిగి దుప్పటి మీద పెట్టాడు.

"గుడారాలు ఎత్తెయ్యమని రాద్దామనే వచ్చాను. ఇప్పుడదీ రాయలేను. ఇక్కడ పోత జరగలేదని తేల్చాలన్నా చిలుము ఉండాలి. చిలుము పోని ముక్కల కోసం పక్కన మళ్ళీ తవ్వండి. వానలు పడేదాకా ఇక్కడే ఉండండి."

ఆ పూటంతా ఆదెమ్మ సిగ్గుతో తల ఎత్తలేదు. నవ్వు ఎవరికీ కనబడకుండా ఉండటానికి కూడా అదే వీలుగా ఉంది.