కొసరు లేని మూడో వంతు

వేగుతున్న జీడిపప్పు సుగంధం గగనవీథిని అలంకరింపగా, ఉద్దానపు కొబ్బరితోటలు దాటివచ్చిన కడలిగాలి వింజామరమై వీవగా, శనివారపు అపరాహ్ణవేళ, పలాస బజారులో, ముప్పయ్యేళ్లుగా పొట్లాలు కట్టి కట్టి కరతలమునే తక్కెడగా మలచుకొన్న వర్తకశిఖామణి జగదీశ్వరరావు, జానెడు చదరపు కాగితం ఎదుట యుద్ధసన్నద్ధుడై నిలిచెను.

కయ్యమునకు కారణం ఎనిమిదో తరగతి చదివే కూతురు ప్రవల్లిక. బడిలో కాగితాలు మడిచి లెక్కలు నేర్పుచున్నారట. స్కేలు పట్టకుండా చదరమును మూడు సమానభాగములు చేయవలెనట.

"ఇదీ ఒక లెక్కేటి? పొట్లాలు కట్టే సెయ్యమ్మా ఇది!" అని తండ్రి నవ్వెను.

"అలాగేటండీ?" అని భార్య మహాలక్ష్మి పందెం విసిరెను. "మూడు కాగితాల్లో నెగ్గకపోతే రేపు గల్లా కుర్చీ నాది. మీరు కింద కూకొని పప్పేరుకోండి."

సింహాసనమే పణమాయెను! పావుకిలో పప్పుకై వచ్చిన మంగమ్మ కూడ బేరం మరచి నిలిచిపోయెను.

ప్రథమపత్రమును కనుకొలతతో మడిచెను. రెండు పాళ్లు కవలలవలె ఒదిగెను. మూడవది బొటనవేలంత పొంగెను. ద్వితీయపత్రమూ అంతే.

ప్రవల్లిక పకపక నవ్వెను. "మడతలో కూడా కొసరేసేత్తన్నావు నాన్నా!"

ఆ మాట శరమై నాటెను. నిజమే! ముప్పయ్యేళ్లు ప్రతి పొట్లంలోనూ చివర నాలుగు పప్పులు ఎక్కువ వేసిన చేయి అది; ఆఖరి పాలు దగ్గర దానంతటదే జారును.

"ఓరీ చతుర్భుజగర్వాంధా! బస్తాల కొలది పప్పును బంధించినవాడను! నీవా నన్ను గద్దె దింపునది?" అని చివరి కాగితంపై గర్జించి, తత్క్షణమే గొంతు తగ్గించి, "ఓ ముక్క సెప్పమ్మా," అని కూతురిని వేడెను.

"సగం నీకొచ్చు గదా. పై అంచు మీద సగం కాడ గుర్తెట్టు. కింద కుడి మూల తెచ్చి దాని మీద ఆనించు. అప్పుడు కింద అంచు ఎడం పక్క ఎక్కడ తగిల్తాదో, అడుగు నుంచి అక్కడికి మూడో వంతు. కంటి మాట ఇనకు నాన్నా, మూల మాట ఇను."

"అడిగి సేత్తే సెల్లదు!" అనెను మహాలక్ష్మి.

"దర అడిగి కొన్నా సరుకు మనదే కదేటి!" అనెను వర్తకుడు.

మూల సగమును ముద్దాడెను. అంచు అంచును తాకెను. అచ్చట గోటితో గీటుపెట్టి, విప్పి, అడుగుభాగమును ఆ గీటు దగ్గర పైకి మడిచి, మిగిలినదానిని దానిపైకి దించెను. ప్రవల్లిక వెలుతురుకెత్తి చూచెను. వెంట్రుకైనా తేడా లేదు.

జగదీశ్వరరావు కుర్చీ నధిష్ఠించి ఘోషించెను: "వినుడు! ముప్పయ్యేళ్లలో మొదటిసారి ఈ చేయి కొసరు వేయలేదు!"

"అయితే నా పొట్లంలో కూడా ఎయ్యవేటి బాబూ?" అనెను మంగమ్మ.

విజేత ఉలికిపడి నాలుగు పప్పులు ఎక్కువే వేసెను. కాగితంలో వేయని కొసరుతో ఒక కుర్చీ, పొట్లంలో వేసిన కొసరుతో ఒక బేరం, పలాసలో నిలిచెను.