పెటవే గారి కుడి మోకాలు

మా మేయర్ స్టాన్ కుబియాక్ గారు ఊరి పరువు కోసం ఎంతకైనా తెగించే మనిషి. ఒక రోజు సిటీ హాల్ మెట్ల మీద నిలబడి, లామాంట్ పెటవే కుడి మోకాలిని నగర వారసత్వ కట్టడంగా ప్రకటించారు. చప్పట్లు కొట్టీ కొట్టీ నా చేతులు కందిపోయాయి.

పెటవే మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో రన్నింగ్ బ్యాక్. బంతిని చంకన పెట్టుకుని, మీదపడే బండవాళ్ల సందుల్లోంచి దూసుకుపోవడం అతని ఉద్యోగం. ఆ మోకాలిని పక్కన నిలబెట్టుకునే మేయర్ గారు రెండు ఎన్నికలు గెలిచారు.

అక్టోబరు ఆటలో దాని లోపల ఏదో తెగింది. వెంటనే ఆపరేషన్ చేస్తే మళ్లీ ఆడతాడు, ఆలస్యమైతే జట్టు ఇంటికి పంపేస్తుంది. అయితే వారసత్వ కట్టడం మీద, వాటిని కాపాడే కమిషన్ అనుమతి లేకుండా కత్తి పెడితే డాక్టరుకు జైలు. నా పాత ఇంటి వరండాకు పచ్చరంగు వెయ్యడం గురించే ఆ కమిషన్ నాలుగేళ్లు ఆలోచించింది. అంత నిష్ఠ గల మనుషులు.

విచారణకు నేనూ వెళ్లాను. పెటవే ప్యాంటు మడిచి, మోకాలు బల్లమీద పెట్టాడు. అధ్యక్షురాలు ఓట్స్ గారు కళ్లజోడు సర్దుకున్నారు.

"లోపల ఏం వేస్తారు నాయనా?"

"తెగినదాని బదులు ఎవరో దాత ఇచ్చిన లిగమెంటు వేస్తారట మేడమ్."

"అదీ ఈ మోకాలి కాలం నాటిదేనా?"

"కనుక్కోలేదండీ."

"కనుక్కో. వీధిలోంచి చూస్తే అసలు రూపం మారకూడదు."

"మేడమ్, నేను పరిగెత్తాలి."

"కట్టడాలు పరిగెత్తవు బాబూ," అన్నారావిడ ఎంతో ఆప్యాయంగా.

మేయర్ గారు అతని భుజం తట్టారు. "ఓపిక పట్టు లామాంట్. పక్క ఊరికి ఇలాంటి మోకాలే లేదు."

వాయిదాల మధ్య మంచు కురిసింది, కరిగింది. ఏప్రిల్‌లో జట్టు పెటవేని తీసేసింది. ఆ వారమే కమిషన్ అతన్ని మళ్లీ పిలిపించింది. మోకాలిని జాబితాలోంచి తొలగించే తీర్మానం కాఫీ చల్లారేలోపు ఏకగ్రీవంగా పాసయింది. వెంటనే కొత్త రన్నింగ్ బ్యాక్ వచ్చి ఎడమ చీలమండ బల్లమీద పెట్టాడు. మేయర్ గారు దాని పక్కన నిలబడి ఫొటో దిగారు.

పెటవే మడిచిన ప్యాంటు సరిచేసుకుని, కుంటుకుంటూ బయటికొచ్చాడు. మెట్లు దిగబోతూ పక్కనున్న పాత ఇనప కమ్మీ మీదికి చెయ్యి చాచాడు.

"దాన్ని ముట్టుకోకు అన్నా," అన్నాడు గార్డు. "వారసత్వం."

"పట్టుకుంటే ఏమవుద్ది?"

"ఊడొస్తది. బాగుచెయ్యడానికి ఇంకా పర్మిషన్ రాలేదు."