అర్జెంటు తూము

ఇంగ్లీషువారి ఓడల్లోంచి మన రేవుల్లో దిగిన సరుకులన్నిటిలోకీ మహత్తరమైనది అర్జెంటు అనే మాట. దాని అర్థం తొందర అని బడిపంతుళ్లు చెబుతారు. పాపం, వాళ్లకు ఆఫీసుల సంగతేం తెలుసు?

రామచంద్రపురం దగ్గర నాలుగెకరాల రైతు పల్లంరాజుకూ తెలియదు. ఆషాఢంలో అతని నారుమడి నెర్రెలిచ్చింది. కాలువ నిండుగా పారుతోంది, తూము తలుపు మాత్రం మూసి ఉంది. కాగితం లేనిదే కాలువ కాపలా లస్కరు దాన్ని ఎత్తడు. (కళ్లముందు ఎండుతున్న నారు సాక్ష్యం కిందికి రాదు.) పల్లంరాజు అర్జీ రాయించి, పైన అర్జెంటు అని ఉంటే మంచిదని ఎవరో చెబితే ఆ మాటా రాయించాడు. అక్కడే కొంప మునిగింది.

కాలువల ఆఫీసులో మామూలు అర్జీ మీద గుమాస్తా చంద్రరావుగారే సంతకం పెట్టి మూడో రోజుకి పంపేస్తారు. అర్జెంటు కాగితాన్ని అంత తేలిగ్గా చూడకూడదు. దానికి ఎర్రగుడ్డ చుట్టి దొరగారి బల్ల మీద పెట్టాలి. దొరగారు పడవలో రెండు నెలలకోసారి వస్తారు, పైనున్న నాలుగు కాగితాలు చూసి వెళతారు. కొత్త అర్జెంటును పాత అర్జెంటు మీద పెట్టడం అక్కడి సంప్రదాయం. పల్లంరాజుది అడుగున క్షేమంగా ఉంది.

ఆ మాట కొట్టేసి తన అర్జీని మామూలు చేయమని అతను నాలుగుసార్లు తిరిగి ప్రాధేయపడ్డాడు.

"దానికేం భాగ్యమండి, కొట్టెయ్యమని ఇంకో అర్జీ పెట్టుకోండి," అన్నారు చంద్రరావుగారు. "అర్జెంటు కాగితం గురించి కాబట్టి అదీ అర్జెంటేనండి."

నారు మాడిపోయింది. పల్లంరాజు సిగ్గు చంపుకుని బావమరిది దగ్గర మిగులు నారు తెచ్చుకుని, శ్రావణం వానలకి ఊడ్చాడు. మార్గశిరంలో కోసి పనలు చేలో ఆరేశాడు. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి ఆ పనల్లోనే ఉంది.

ఆ మధ్యాహ్నమే లస్కరు భీమరాజు, ఆషాఢం నాటి అర్జీ మీద ఎట్టకేలకు దొరగారు ఇచ్చిన ఉత్తర్వు పట్టుకుని వచ్చాడు. తూము తక్షణం తెరవాలట. పల్లంరాజు అడ్డంగా నిలబడ్డాడు.

"పనలు నానిపోతాయి భీమరాజూ. నీ కళ్లతో నువ్వే చూడు."

"చూస్తన్నానండి. కాయితంలో మాత్రం నారే ఉందండి. ఆపమని ఇంకో కాయితం ఉంటే ఇప్పించండి."

తలుపు లేచింది. సాయంత్రానికి పనలు నీళ్లలో తేలాయి. పల్లంరాజు గట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

అర్జెంటు ఉత్తర్వు అందిన అరగంటలోనే అమలైందని ఆ ఏటి నివేదికలో ఆఫీసువారు ప్రత్యేకంగా రాసుకున్నారు.